పది నిమిషాల బిల్లు, పద్నాలుగు అట్లు

ఏటా ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున మా ఊరి ఫైర్ స్టేషన్లో అట్ల విందు. ఫైరింజన్లని బయటికి తోలేసి లోపల బల్లలు వేస్తాం. టిక్కెట్టు కొన్నవాళ్ళు కడుపు పట్టినన్ని తినొచ్చు. పళ్ళెంలో పెట్టించుకున్నది వదలకూడదు, వరస తప్పకూడదు, అంతే. ఉపన్యాసాలు మాత్రం నిషిద్ధం. కానీ మీ అట్టు పెనం మీద కాలుతున్నంతసేపూ ఆ తిప్పేవాడు మీవాడు, ఏమైనా అడగొచ్చు.

పిండి పోసేది నేను. పేరు ఓర్విల్. ఇరవై రెండేళ్ళుగా పెనం మీద పిండి, జనం చెవుల్లో కబుర్లు పోస్తూనే ఉన్నాను. ఎన్నికల ఏడు వచ్చిందంటే మాత్రం అట్లకాడ కోసం పెద్దమనుషులు ఎగబడతారు. ఈసారి మూడో గెలుపు కోసం తిరుగుతున్న సెనేటర్ వేడ్ హాల్వర్సన్ గారు వచ్చి ఏప్రన్ కట్టుకున్నారు. తిప్పడం కష్టమా అని నన్నడిగారు. మాట తిప్పగలిగిన వాళ్ళకి అట్టొక లెక్కా అన్నాను. ఆయన నవ్వారు. వెనక ఫైలు పట్టుకు నిలబడ్డ సహాయకురాలు నవ్వలేదు.

ఈ విందుని ఏరికోరి ఎంచింది ఆవిడేనట. నోటినిండా అట్టున్న వాళ్ళు నోరెత్తరని ఆవిడ లెక్క. మంచి లెక్కే. అందులో వెర్లీన్ డ్వొరాక్‌ని కలపడం మర్చిపోయింది.

వెర్లీన్ మా స్కూలు బస్సు డ్రైవరు. అరవై ఒక్కేళ్ళు, పిడికెడంత మనిషి. మా ఊరిని రైలు పట్టాలు రెండుగా చీలుస్తాయి. బడి ఇటు, సగం ఇళ్ళు అటు. మైలున్నర పొడుగు గూడ్సు బండి వచ్చి గేటుకి అడ్డంగా పడుకుందంటే గంటలకొద్దీ కదలదు. రైలు వాళ్ళకి పట్టాలైతే ఉన్నాయిగానీ పట్టింపు లేదు. కిందటి ఫిబ్రవరిలో అటువైపు బస్సు కోసం చూసి చూసి, రెండో తరగతి పిల్ల మేబెల్ రెండు పెట్టెల మధ్య కిందనుంచి దూరింది. బండి ఒక్క కుదుపు కుదిపింది. పిల్ల ఇటు వచ్చింది, ఒక బూటు చక్రం కింద ఉండిపోయింది. ఇటువైపు ఆగిన బస్సులోంచి వెర్లీన్ అదంతా చూసింది.

గేటు మీద బండి పది నిమిషాలకి మించి ఆగకూడదన్న బిల్లొకటి వాషింగ్టన్‌లో ఉంది. ఆ చట్టం ఊరు చేస్తానన్నా, రాష్ట్రం చేస్తానన్నా చెల్లదట, అక్కడే చెయ్యాలట. బిల్లుని ముందుగా చూసే కమిటీకి పెద్ద మన హాల్వర్సన్ గారే. నాలుగేళ్ళుగా ఆ బిల్లు ఆయన బల్ల మీద, మా గేటు మీద గూడ్సులాగే, కదలకుండా ఉంది. పది రోజుల్లో బడి తెరుస్తారు. ఈలోగా ఆయన నోట ఒక తేదీ పలికించాలని వెర్లీన్ పంతం.

"పది నిమిషాల బిల్లు ఓటింగుకి ఎప్పుడు పెడతారు, సెనేటర్ గారూ?" అంది మొదటి అట్టుకి.

పరిశీలనలో ఉందన్నారాయన. అట్టు కాలింది. వెర్లీన్ నిలబడే తినేసి మళ్ళీ వరస చివర చేరింది. రెండో అట్టుకి, ఆరేళ్ళ కిందట ఇదే పెనం దగ్గర నిలబడి గేటు సంగతి చూస్తానన్నారే, చూశారా అని అడిగింది. చూస్తున్నానన్నారు. మూడోదానికి రైలు కంపెనీ ఆయన ప్రచారానికిచ్చిన చందా ఎత్తింది. నాలుగోదానికి, అంబులెన్సు పదకొండు మైళ్ళు చుట్టు తిరిగి వచ్చిన రోజు చెప్పింది. ఆయన జవాబుల్లోకి రైతులొచ్చారు, సైనికులొచ్చారు, తేదీ రాలేదు. మాటలన్నీ అట్ల మీద పోసే మేపుల్ పాకంలో ఈదులాడుతున్నాయి.

ఆరో అట్టుకి ఆవిడ మొహం చూసి జాలేసి, పిండి కాస్తే పోశాను.

"పెద్దదే పొయ్యి, ఓర్విల్. చిన్నదైతే చప్పున కాలిపోతుంది, నాకు టైము చాలదు."

ఎనిమిదోది తిన్నాక మాత్రం బెంచీ మీద కూలబడి పొట్ట పట్టుకుంది. వరసలోకి లేవలేకపోయింది. సహాయకురాలు హమ్మయ్య అనుకోవడం నాకు వినబడింది.

తరవాత వచ్చినవాడు ఎమిల్ టీగ్. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ హాల్వర్సన్ పార్టీ మనిషి, ఆయన పేరున్న టోపీ పెట్టుకునే వచ్చాడు. పళ్ళెం చాపి, బిల్లు ఓటింగుకి ఎప్పుడండీ అన్నాడు.

"ఎమిల్, నువ్వు మనవాడివి కదయ్యా."

"మీవాడినే. తేదీ చెప్పండి."

ఎమిల్ వెనక మంగలి, అతని వెనక పాస్టరు గారు, ఇంకో ఇద్దరు. అట్టు మారిందిగానీ ప్రశ్న మారలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. ఊరంతా ఒక్క మాట మీదుండటం నేను ఈ విందులో మొదటిసారి చూశాను, మామూలుగా పాకం చిక్కదనం మీదే మాకు ఏకాభిప్రాయం కుదరదు.

బిల్లు ఖాతాలో పద్నాలుగో అట్టు మేబెల్ తల్లి కారిన్‌ది. ఆమె తేదీ అడగలేదు.

"అందులో ఏముందో మీరు చదివారా?" అంది మెల్లిగా.

ఆయన అట్లకాడ ఆగిపోయింది. అట్టు మాడుతోంది. నాకు జోకు నాలుక చివరదాకా వచ్చింది, మింగేశాను.

"చదవలేదమ్మా," అన్నారాయన. "చదివినవాళ్ళు వద్దన్నారు, వదిలేశాను."

పన్నెండేళ్ళుగా ఎన్నో ఉపన్యాసాలు విన్నాం ఆయనవి. మాకు నమ్మబుద్ధేసిన మొదటి మాట అది. వెర్లీన్ సంచీలోంచి బిల్లు తీసింది, నాలుగే కాగితాలు. ఆయన ఏప్రన్ విప్పకుండానే ఆవిడ పక్కన కూచుని చదివారు, రెండోసారీ చదివారు. సెప్టెంబరు పదహారున కమిటీలో ఓటింగుకి పెడతాను అన్నారు. సహాయకురాలు ఏదో అనబోతే, రాసుకో అన్నారు.

"అయితే మీరూ వాషింగ్టన్ రావాలి, వెర్లీన్ మేడం. ఇవాళ నాకు చెప్పిందంతా అక్కడ చెప్పాలి. నేను చెబితే నలుగురు వింటారు, మీరు చెబితే ఓటేస్తారు."

"వస్తాను. నా ఓటు మీకని మాత్రం అనుకోకండి, అది పదిహేడున ఆలోచిస్తాను," అంది వెర్లీన్. అంతలోనే ఆవిడ మొహం వాడింది. "మంగళవారం కదా అది. నా బస్సు పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్తారు?"

ఫైర్ చీఫ్ చెయ్యెత్తాడు. ఎమిల్ టోపీతో సహా చెయ్యెత్తాడు. కారిన్ ఎత్తింది. నేనూ ఎత్తాను. పిల్లలకి ఇప్పటికే బోలెడు కష్టాలున్నాయి, పైన నీ కబుర్లు కూడానా అని నా చెయ్యి మాత్రం దింపించారు.