నరం దొరకలేదు

ఎక్స్‌రే కవరు తీసుకోవాలి. మాత్రలు కొనాలి. కుట్లు ఎప్పుడు విప్పుతారో అడగాలి. ఆటో మాట్లాడాలి. డిశ్చార్జి రోజు పొద్దున్నే సుధారాణి కాగితం మీద రాసుకున్న పనులివి. ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి కాబట్టి ఆసుపత్రి కాగితాలన్నీ ఆమె పూచీయే.

తండ్రి గవర్రాజు హార్బర్లో బోటు మీద జారిపడి కుడి దండచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేసి ఎనిమిది రోజులైంది.

“నొప్పుందా నాన్నా?”

“నొప్పా? అసలేటీ తెలీట్లేదు,” అని నవ్వాడు.

నవ్వబోయిన సుధారాణి ఆగిపోయింది. చేతి మీద కప్పుకున్న తువ్వాలు తీసింది. మణికట్టు కిందికి వేలాడుతోంది.

“పైకెత్తు.”

పళ్లు బిగించాడు. భుజం లేచింది, మణికట్టు లేవలేదు. వల లాగే చెయ్యి అది.

“ఎప్పట్నించి?”

“ఆపరేసన్ అయిన కాణ్నించి. మీ యమ్మ ఏడుత్తాదని సెప్పలేదు.”

రౌండ్సుకు వచ్చిన డాక్టరు చూసి, “నరం దెబ్బతింది,” అన్నాడు. ఆ మాట చెవిన పడగానే తల్లి చిట్టమ్మ, పక్కనే ఉన్న నర్సు కనకరత్నం మీద విరుచుకుపడింది.

“నువ్వేనే! నరం దొరకలేదు, నరం దొరకలేదని సెలైనుకి నాలుగుసార్లు పొడిసినావు. తెంపేసినావు కదే! పద మావా, కంచరపాలెంలో నరాలు తోమేవోడున్నాడు.”

సుధారాణి కూడా ఒక్క క్షణం నమ్మింది.

“అది రక్తం పారే నరమమ్మా, దెబ్బతింది చెయ్యి కదిపే నరం,” అంది కనకరత్నం. “నేను పొడిచింది ఎడమచేతికి.”

“ఎముక విరిగినప్పుడే పోయుంటుంది,” అన్నాడు డాక్టరు. “దానంతటదే వస్తుంది. ఇంటికి తీసుకెళ్లండి.”

సుధారాణి డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టబోయింది.

“లేదు సార్,” అంది కనకరత్నం. “ఆపరేషన్ థియేటర్‌కి పంపే ముందు నేను చూశాను. మణికట్టు లేచింది.”

“నిన్నడిగానా?”

ఆమె తల దించలేదు. కేస్‌షీట్ తెరిచి, ఆపరేషన్‌కి ముందు తను రాసిన లైను మీద వేలు పెట్టింది. డాక్టరు రెండుసార్లు చదివాడు.

“డిశ్చార్జి ఆపండి. మళ్లీ తెరిచి చూద్దాం.”

సుధారాణి కాగితంలో ‘ఆటో’ కొట్టేసింది.

ప్లేటు అంచు కింద నరం నొక్కుకుపోయి ఉంది. విడిపించారు. అయిదో నెలలో మణికట్టు లేచింది. చిట్టమ్మ వంజరం చేప పట్టుకుని, తిట్టిన నోటితోనే క్షమించమని అడగడానికి వెళ్లింది. కనకరత్నాన్ని ఎక్కడికో మార్చేశారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

గవర్రాజు ఇప్పుడు వల లాగుతున్నాడు. హార్బర్ వైపు వెళ్లి ఆ చెయ్యి చూస్తే, కనకరత్నం సిస్టర్ని మీరూ ఒకసారి తలుచుకోండి.