హులిగెమ్మ పేజీ యాడికి పోయింది?

పొద్దున లేస్తూనే, ముఖం మీద నీళ్ళు చల్లుకోకముందే, భూమిక ఫోన్ తీసి ‘బళ్ళారి జీన్స్ హోల్‌సేల్’ అని కొడుతుంది. కొట్టి బొటనవేలితో తోసుకుంటూ పోతుంది. నెల కిందటి వరకు తోసే పనే లేదు. వెతికితే చాలు, మొదటి వరసలోనే ‘హులిగెమ్మ జీన్స్, బళ్ళారి’ అని కనపడేది. ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్ళు వస్తాయి, సూరత్ వస్తుంది, ఢిల్లీ వస్తుంది. పక్క సందులోని మేనమామ కొడుకు హంపేశ్ దుకాణం కూడా నాలుగో వరసలో దర్జాగా కూర్చుని ఉంటుంది. హులిగెమ్మ మాత్రం రాదు.

“దేవుని పటానికి ఒక దండం పెట్టవు గాని ఆ ఫోన్‌కు మాత్రం రోజూ మొక్కుతావు కదమే,” అంది హులిగెమ్మ, షెడ్డు షట్టర్ పైకి తోస్తూ. “ఉండాదా?”

“లేదు.”

“నిన్న లేదు, మొన్న లేదు. యాడికి పోయింది మన పేజీ? ఎవురన్నా ఎత్తుకపోయినారా?”

“ఎవురూ ఎత్తుకపోలేదు మా. అప్‌డేట్ వచ్చినాది. ఎవురి పేజీ ముందుండాల, ఎవురిది ఎనకుండాల అనే లెక్కను సెర్చ్ కంపెనీవాళ్ళు మార్చినారు.”

“మనల్ని అడిగినారా?”

భూమికకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న ఆమె కూడా చాలాసార్లు వేసుకుంది. అడగరు. ఎవరూ ఎవరినీ అడగరు. ఎక్కడో ఎవడో గేటు తిప్పుతాడు, ఇక్కడ కాలువ ఎండుతుంది.

హులిగెమ్మది సిరుగుప్ప దగ్గర దేశనూరు. కాలువ చివరి భూమి. నీళ్ళు వస్తే వరి, రాకపోతే కూలి. పెళ్ళయ్యాక బళ్ళారికి వచ్చి ఇరవై ఏళ్ళు సేఠ్ మిషన్ల మీద ప్యాంట్లు కుట్టింది. కుట్టింది ఆమె, మీద అంటించిన పేరు సేఠ్‌ది. వచ్చింది పీస్ రేటు. ఆ చెర నుంచి ఆమెను బయటికి లాగింది కూతురు చేసిన ఒక్క పేజీ. డిగ్రీ మధ్యలో ఆపేసిన భూమిక వీడియోలు చూసి, తప్పులు చేసి, తన్నుకుని నేర్చుకుని ఆ పేజీ కట్టింది. కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. హుబ్బళ్ళి నుంచి వచ్చింది. హులిగెమ్మ సేఠ్‌కు దండం పెట్టి సొంత షెడ్డు వేసుకుంది. ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్ళు ఆమె దగ్గర కుడుతున్నారు.

మూడు వారాలుగా ఒక్క కొత్త ఫోన్ లేదు. నిన్న అన్నం తింటూ హులిగెమ్మ ఒక మాట చెప్పేసింది. “ఆదివారం దాకా చూస్తా. ఆనాడు సేఠ్ అంగట్లో ఒక్కడే ఉంటాడు. నలుగురి ముందర చెయ్యి చాపలేను. పోయి మళ్ళా కూలికి కుట్టను బట్ట తెచ్చుకుంటా. ఆరుగురిని ఖాళీగా కూర్చోబెడితే పాపం తగులుతుంది.”

ఇవాళ గురువారం.

భూమిక నిలవలేకపోయింది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఫోన్ తీయాలనిపిస్తుంది. కంపెనీ ప్రకటన చదివింది. దాని మీద అమెరికా పండితులు రాసింది చదివింది. ఆ రాసిందాని మీద హైదరాబాద్ పిల్లోడు చేసిన వీడియో చూసింది. ఒకడు మాటలు ఎక్కువ పెట్టమంటాడు, ఇంకొకడు సగం తీసెయ్యమంటాడు. ఒకడికి ఫోటోలు ముఖ్యం, ఇంకొకడికి వేగం ముఖ్యం. ఇంకొక మహానుభావుడు “ఓపిక పట్టండి, మార్పు ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు” అంటాడు. ఓపిక! పైరు ఎండిన రైతుకు పురుగుమందుల అంగడివాడు చెప్పే మాట అది. పొద్దున పెట్టిన శీర్షికను మధ్యాహ్నం మార్చింది, సాయంత్రానికి మళ్ళీ పాతదే పెట్టింది. ఏదీ అంటలేదు.

శుక్రవారం కరెంటు పోయినప్పుడు, గడప మీద కూర్చుని కంపెనీ ప్రకటనను మొదటినుంచి మళ్ళీ చదివింది. అందులో ఒక వాక్యం ఉంది. ఒకే రాతను పలుచోట్ల అతికించిన పేజీలలో ఒక్కదాన్నే చూపిస్తాం, మిగతావాటిని వెనక్కి పంపిస్తాం అని. మొదటిసారి చదివినప్పుడు ‘మంచిపని, దొంగనాయాళ్ళకు బుద్ధి రావాల’ అనుకుని దాటేసింది. దొంగలంటే ఎక్కడో ఉంటారనే కదా మనం అనుకునేది. ఈసారి వేలు ఆగిపోయింది.

ఇంగ్లీషులో ఉన్న తన పేజీలోంచి తనకు బాగా ఇష్టమైన వాక్యాన్ని తీసి వెతికింది. ‘మా అమ్మ హులిగెమ్మ పిల్లల ప్యాంట్లకు మోకాళ్ళ దగ్గర రెండు వరసలు కుడుతుంది, ఎందుకంటే పిల్లలు నడవరు, పడతారు.’

మొదటి వరసలో వచ్చింది శ్రీ హంపేశ్ గార్మెంట్స్.

తెరిచింది. రోజూ కళ్ళ ముందర కనపడుతున్నా మనోడిదే కదా అని ఎప్పుడూ తెరిచి చూడని పేజీ. పేరు హంపేశ్‌ది, ఫోన్ నంబరు హంపేశ్‌ది, కింద ఉన్నదంతా తనది. ఒక్క అక్షరం మార్చలేదు వెధవ. ‘మా అమ్మ హులిగెమ్మ’ అని కూడా అట్లాగే ఉంది. దాని కింద అదే సందులోని దేవక్క దుకాణం. అక్కడ కూడా ‘మా అమ్మ హులిగెమ్మ’. దాని కింద ఉచ్చెంగెప్ప దుకాణం. డెబ్బై ఏళ్ళు దాటిన ఉచ్చెంగెప్పకు కూడా హులిగెమ్మే అమ్మ. కంపెనీ లెక్కలో హంపేశ్‌ది అసలు, తనది నకలు.

ఇచ్చింది ఎవరు? తనే. పోయిన ఏడాది ఒక్కొక్కరే వచ్చి “నీ పేజీ ఒకసారి ఇయ్యి మే” అన్నారు, ఇచ్చింది. ఆ సందులో ఇవ్వనివాళ్ళు లేరు. ప్యాంటు కత్తిరించే ప్యాటర్న్ అట్ట ఒక ఇంట్లో తయారైతే పది ఇళ్ళు తిరిగి వస్తుంది. అడిగితే లేదనరు. లేదన్నవాడిని మనిషిగా చూడరు. పేజీని కూడా అట్లాగే అట్టలాగా ఇచ్చేసింది.

తల్లికి చెప్పింది. హులిగెమ్మ అంతా విన్నది. చేతిలో ఉన్న ప్యాంటు జేబును లోపలివైపు బయటికి తిప్పింది. మూలన చిన్న ఎర్రదారం కుట్టు.

“ఇదేందో తెలుసు కదా నీకు?”

తెలుసు. సందులోని అందరి ప్యాంట్లూ ఒకే వాషింగ్ యూనిట్‌కు పోతాయి. ఒకే అట్ట మీద కోసినవి, ఒకే నీలం. రాళ్ళతో కలిపి ఉతికి కుప్పపోస్తే ఎవరివి ఎవరివో బ్రహ్మకు కూడా తెలియదు. అందుకే ప్రతి షెడ్డుకు జేబు లోపల ఒక రంగు దారం. హులిగెమ్మది ఎరుపు.

“ప్యాటర్న్ ఇస్తే ఇచ్చినావు, తప్పు లేదు,” అంది హులిగెమ్మ. “దారం గూడ ఇస్తివేమే?”

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తగిలిన మంట అంతా హంపేశ్ మీదికి మళ్ళింది. “వాని పేజీ పీకించేస్తా మా. కంపెనీకి ఫిర్యాదు పెట్టొచ్చు. రాత నాదని రుజువు చేస్తే వాళ్ళది సెర్చ్‌లో కనపడకుండా పోతాది. వానిదీ, దేవక్కదీ, ఆ ముసలాయనదీ, అన్నీ.” అంటూనే ఫారం తెరిచి నింపడం మొదలుపెట్టింది.

“పెట్టు,” అంది హులిగెమ్మ. “మా నాయన గూడ అట్లే చేసినాడు. కాలువలో నీళ్ళు రావడంలేదని పక్క చేను గాళెప్ప నీళ్ళు మళ్ళించుకునే మడవ తెంచినాడు. ఇద్దరూ తలకాయలు పగలగొట్టుకున్యారు. పైన గేటు తిప్పేవాని మొకం మా నాయనా చూడలేదు, గాళెప్పా చూడలేదు. వాడు చల్లగా ఉండె.”

“అయితే సుమ్నె, నోరు మూసుకుని కూర్చోమంటావా?”

“కూర్చోమనలే. పోయి అడుగు. మొకం మీద అడుగు. ఫోన్‌లో కాదు.”

ఫారం సగంలో ఆపి, చెప్పులు తొక్కుకుని పోయింది భూమిక. అప్పటికి కరెంటు వచ్చింది. ఆమె అడుగుల చప్పుడుకే హంపేశ్ షెడ్డులో రెండు మిషన్లు ఆగాయి.

“బావా! మీ అమ్మ పేరేంది?”

హంపేశ్ కత్తెర పట్టుకుని బిత్తరపోయాడు. “ఏందే ఇది, రేషన్ కార్డు ఎంక్వైరీనా? శరణమ్మ.”

“నీ పేజీలో హులిగెమ్మ అని ఉండాది. ఎప్పుడు మార్చుకున్యావు అమ్మను?”

మిషన్ల దగ్గర ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. హంపేశ్ తల గోక్కున్నాడు. “అత్త అంటే అమ్మ కాదా ఏంది? పేరు మార్చుకో అని నువ్వు చెప్తివి, నేను అంగడి పేరు మారిస్తి. అంత ఇంగ్లీషులో ఈడ ఒక హులిగెమ్మ ఉండాదని నాకేం తెలుసు?”

“తెలుసా తెలీదా, ఫోన్లు వస్తాండాయా లేదా?”

“వస్తాండాయి తల్లీ, తల తింటాండారు. పిల్లల ప్యాంట్లు కావాలంట. నేను పిల్లలవి కుట్టను కదా, లేవప్పా అని పెట్టేస్తాండా.”

భూమిక అతని ముందుకు వచ్చింది. “ఎన్నాళ్ళ నుంచి?”

“ఒక ఇరవై దినాల నుంచి. ఏం?”

“మా ఇంట్లో ఆరు మిషన్లు ఖాళీగా ఉండాయి బావా! మా అమ్మ సేఠ్ కాళ్ళు పట్టుకోను పోతాండాది! నువ్వు లేవప్పా అని పెట్టేస్తాండావా?”

“నీకు గూడ వస్తాంటాయిలే అనుకుంటి మే. నీ పేజీ చూసి నేను రాసుకుంటే, నాకన్నా నీకే ఎక్కువ రావాల కదా?” హంపేశ్ గొంతు చిన్నదయింది. “నాకు చెప్తే పంపించేవాడిని కదా.”

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెకు ఇంకా మంట. తిట్టడానికి వచ్చిన మనిషికి ఎదుటివాడు మంచోడుగా దొరికితే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలి? అతని ఫోన్ లాక్కుంది. పాత కాల్స్ అన్నీ తీసి, ఆ షెడ్డులోనే బట్టల కుప్ప మీద కూర్చుని ఒక్కొక్కరికే చేసింది. రాయచూరువాడు వేరేచోట కొనేశాడు. ఆదోనివాడు ఎత్తలేదు. హొసపేట ఆయన “అప్పుడు లేవంటిరి, ఇప్పుడు యాడినుంచి వచ్చినాయి?” అని కసిరాడు. చివరికి గదగ్ నుంచి ఒక ఆడమనిషి ఎత్తింది.

“హులిగెమ్మ ఇద్దారా?” అని అడిగింది ఆమె కన్నడంలో. ఉన్నారని, తాను ఆమె కూతురినని చెప్పింది భూమిక. మోకాలికి రెండు వరసలు కుట్టేది ఆమేనా అని అడిగింది. “ఆమే,” అంది భూమిక. అంగడి పెట్టబోతున్నాను, ఆర్డరని ఇప్పుడే చెప్పను, నమూనాలు తెచ్చి చూపించండి అంది గదగ్ ఆమె.

ఫోన్ పెట్టేసి భూమిక హంపేశ్ వైపు తిరిగింది. “నువ్వు కుట్టేదేంది బావా?”

“జీన్సే.”

“ఎవురివి?”

హంపేశ్ అటూ ఇటూ చూశాడు. “పెద్ద నడుములవి. లావుగుండేటోళ్ళవి. గుడ్డ ఎక్కువ పోతాదని ఈ బజారులో ఎవురూ కొయ్యరు. నేను కోస్తా.”

“అది రాయాల కదప్పా నీ పేజీలో!”

“నవ్వుతారే.”

“నవ్వనీ. లావుగుండేటోళ్ళు నవ్వరు, కొంటారు.”

హులిగెమ్మను ఆ పేజీలోంచి తీసి పారేసి, పెద్ద నడుముల సంగతి అక్కడే కూర్చుని రాసింది. అతను సిగ్గుపడుతూ చెప్తుంటే, ఆమె గదమాయిస్తూ రాసింది. ఇంటికి పోయి తల్లికి గదగ్ మాట చెప్పి, సగం నింపిన ఫిర్యాదును చెరిపేసింది.

శనివారం వెతికింది. హులిగెమ్మ లేదు. హంపేశ్ పేజీ మార్చాం కదా అని కంపెనీ రాత్రికి రాత్రి వచ్చి సర్దిపెట్టదు. వాళ్ళ యంత్రం మళ్ళీ ఇటువైపు తిరిగి చూడాలి, చూసి నమ్మాలి. దానికి ఎన్నాళ్ళో ఏ పండితుడూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున హులిగెమ్మ తలకు నూనె పెట్టి, మంచి చీర కట్టింది. చేతిలో గుడ్డసంచి. సంచిలో ఏముందో చెప్పలేదు, భూమిక అడగలేదు. సేఠ్ అంగడి, బస్టాండు ఒకే దారిలో ఉంటాయి. చివర ఉన్న హోటల్ మూల దగ్గర ఎడమకు తిరిగితే సేఠ్, నేరుగా పోతే బస్టాండు. భూమిక వెనకే నడిచింది. ఒకసారి ఫోన్ తీసింది, మళ్ళీ లోపల పెట్టింది. మళ్ళీ తీసింది.

“అది చూసుకుంట నడిస్తే ఆటో కింద పడ్తావు,” అంది హులిగెమ్మ వెనక్కి తిరక్కుండానే.

మూల వచ్చింది. హులిగెమ్మ ఒక్క నిమిషం నిలబడింది. సేఠ్ అంగడి తలుపు సగం తెరిచి ఉంది. అక్కడికి పోతే పని ఖాయం. గదగ్‌కు పోతే బస్సు చార్జీ మాత్రమే ఖాయం.

“సేఠ్ నన్ను పిలవలేదు,” అంది చివరికి, తనకు తానే చెప్పుకున్నట్టు. “ఆ యమ్మ పిలిచినాది. పిల్చినోళ్ళ దగ్గరికి ముందు పోవాల.”

నేరుగా నడిచింది. బస్సు ఎక్కాక కిటికీలోంచి సంచి చూపించింది. లోపల పిల్లల ప్యాంట్లు, జేబులన్నీ బయటికి తిప్పి ఉన్నాయి, ఎర్రదారం కనపడేటట్టు.

“నచ్చకపోతే?” అంది భూమిక.

“నచ్చకపోతే వచ్చే ఆదివారం ఉండనే ఉండాది. సేఠ్ యాడికీ పోడు.”

బస్సు కదిలింది. భూమిక చేతిలో ఫోన్ గుర్రుమంది. హైదరాబాద్ పిల్లోడు కొత్త వీడియో పెట్టాడు. ఇంకొక మార్పు రాబోతోందట, దీనికంటే పెద్దదట, సిద్ధంగా ఉండాలట. నీయబ్బ, నిన్నటిది ఇంకా అరగలేదు! ఎవరు తిప్పుతున్నారు ఈ గేటు? ఏదో ఒక రోజు ఆ మొహం చూడాలి. చూసి, ‘మనల్ని అడిగినారా?’ అని మా అమ్మ అడిగిన మాటే అడగాలి.

కానీ అది తర్వాత. గేటు మళ్ళీ తిరిగేలోపల చేయాల్సిన పని ఉంది, సందులో ఇంకా రెండు పేజీల్లో హులిగెమ్మ కూర్చుని ఉంది. గబగబా వెనక్కి నడిచి, దేవక్క షెడ్డు గడప తొక్కింది.

“రా మే, టీ తాగుతావా?” అంది దేవక్క.

“టీ తర్వాత తాగుతా. ఒక ప్యాంటు ఇట్లియ్యి.” దేవక్క ఇచ్చేదాకా కూడా ఆగలేదు. కుప్పలోంచి ఒకటి లాగి జేబు తిప్పింది. పసుపుదారం. “చెప్పు దేవక్కా. ఈ దారం వేసినోళ్ళు కుట్టేదేంది, ఇంకెవురూ కుట్టనిది?”

“అదేం ప్రశ్నే, పొద్దుపొద్దున్నే?”

“నువ్వు చెప్పు, నేను రాసుకుంటా. తొందరగా చెప్పు.”