సాక్ష్యం చెల్లెమ్మ

విటమిన్ల సీసాలో ఫిట్స్ మాత్రలు పోసుకుని పరాయి దేశానికి సువార్త యాత్ర బయలుదేరింది ఆ బృందంలో ఆమె ఒక్కతే. ఆ సంగతి తెలిసినవాడు కూడా ఒక్కడే, పాస్టరుగా ఉన్న ఆమె అన్న. విమానాశ్రయంలో అందరి తలల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆమె దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెవిలో, "మాత్రలు సరిపడా తెచ్చుకున్నావు కదా?" అన్నాడు.

చిన్నప్పుడు బడిలో మూర్ఛ వచ్చి పడిపోయాక ఈడు పిల్లలు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. అది చూసి ఓర్వలేక, అప్పటికి మీసాలైనా సరిగ్గా రాని అన్న చర్చిలో లేచి నిలబడ్డాడు. ప్రార్థన చేశామని, చెల్లికి పూర్తిగా తగ్గిపోయిందని చెప్పేశాడు. ప్రేమతో ఆడిన అబద్ధమే అది. మందు పని చేసింది, దానితోపాటు అబద్ధమూ పని చేసింది. పిల్లలు తిరిగొచ్చారు. అన్న పెద్ద ప్రసంగీకుడయ్యాడు. దేవుడు తనను బాగుచేశాడని సభల్లో సాక్ష్యం చెబుతూ ఆమె సాక్ష్యం చెల్లెమ్మ అయింది. కన్నవాళ్లు పెట్టిన పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఇష్టం లేకుండా చేసిందా అంటే, అదీ కాదు. మైకు ముందు నిలబడితే అన్ని కళ్లూ ఆమెను చూసి వెలిగేవి. జాలిపడని చూపుల్లో ఎంత వెచ్చదనం ఉంటుందో జబ్బు మనిషికే తెలుసు. ఆ కాసేపు ఆమెకు నిజంగానే జబ్బు ఉండేది కాదు. తర్వాత స్నానాలగదిలో గొళ్లెం పెట్టుకుని మాత్ర మింగుతుంటే, ఎవరింట్లోనో దొంగిలించి తింటున్నట్టు ఉండేది.

ఈ దేశంలో మొదటి సభ బాగా జరిగింది. మర్నాడు పొద్దున ఒక బడి గదిలో కూర్చుని, పంచడానికి తెచ్చిన పాత కళ్లజోళ్లను పవరు ప్రకారం వేరు చేస్తోంది. ఇంతలో సభలో వాళ్ల ఇంగ్లీషును తన భాషలోకి మార్చి చెప్పే లెక్కల మాస్టారు లోపలికి వచ్చాడు. వెనక ఒక ఇస్త్రీ పని చేసే ఆవిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక పాప.

"ఈ పాపదీ మీ జబ్బేనట. నిన్న మీ సాక్ష్యం విన్నప్పటి నుంచి ఈవిడ కాళ్లు నేల మీద లేవు. ఒక్కటే అడుగుతోంది, మీరు మందు ఎప్పుడు ఆపేశారని," అన్నాడు మాస్టారు.

పాప ఒక కళ్లజోడు తీసి పెట్టుకుని, అది ముక్కు మీంచి జారిపోతుంటే నవ్వుతోంది.

"ఆపలేదు," అంది ఆమె. సంచిలోంచి తన సీసా తీసి చూపించింది. "ఈ పొద్దున కూడా మింగాను. ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పని చెప్పండి."

మాస్టారు చెప్పాడు. ఇస్త్రీ ఆవిడ సీసా వైపు చూసింది, ఆమె మొహం వైపు చూసింది. కోప్పడలేదు. జాలిగా, మెల్లగా ఏదో అంది.

"నిన్న స్టేజీ మీద మీ మొహం చూసిందట. అది అబద్ధం చెప్పే మొహం కాదట. ఈ పొద్దున మీ విశ్వాసం సడలింది, అంతేనట. మీ కోసం ప్రార్థన చేస్తానంటోంది."

ఆమె పరుగులాంటి నడకతో అన్న గదికి వెళ్లింది. ఆయన అద్దం ముందు టై ముడి వేసుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఆవిడ పాపకు మందు ఆపేస్తుంది."

"ఎవరే? ఆపమని నేనన్నానా? ఏ ప్రసంగంలోనైనా మందులు మానెయ్యమన్నానా?"

"అనలేదు. ఆ పని నాతో చేయించావు."

"అబ్బో, చెల్లెమ్మకు మాటలొచ్చాయే! నేను లేకపోతే ఈపాటికి నిన్ను మూర్ఛల పిల్ల అనే పిలుస్తుండేవాళ్లు."

"పిలవనీ. పలికేదాన్ని."

"సరేలేవే. సాయంత్రం నేనే అంటాను, డాక్టర్లు కూడా దేవుడు పంపినవాళ్లేనని. ఒక మాట వేస్తాను. చాలా?"

"కూరలో ఉప్పేసినట్టు మాట వెయ్యడమేమిటి? నేను మాత్రలు మింగుతున్నానని చెప్పు."

ముడి వేస్తున్న వేళ్లు ఆగిపోయాయి. "అది చెప్పాక నేను మళ్లీ ఏ మైకు ముందు నిలబడగలనే?" అన్నాడు. ఆ గొంతులో భయం ఆమె మొదటిసారి విన్నది. జాలేసింది. ఆ జాలికే ఇన్నేళ్లూ లొంగిపోయానని కూడా అప్పుడే తెలిసింది.

సాయంత్రం సభలో ఆయన ఆ ఒక్క మాటా వెయ్యలేదు. ప్రసంగం పూర్తి చేసి, "మా చెల్లి" అని చెయ్యి చాపాడు. ఆమె లేచి మైకు ముందుకు వచ్చింది. మళ్లీ అవే కళ్లు, అదే వెచ్చదనం. అలవాటైన మొదటి వాక్యం నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగి, "నాకు జబ్బు తగ్గలేదు. ఇప్పటికీ మందులు వేసుకుంటున్నాను. ఎవరూ మందులు మానకండి," అంది.

మాస్టారు నోరు తెరిచి, అన్న వైపు చూశాడు. అన్న వంగి అతని చెవిలో ఏదో చెప్పాడు. మాస్టారు నుదురు తుడుచుకుని, ఆమె మూడు వాక్యాలకు పది వాక్యాలు చెప్పాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మూడో వరుసలోంచి ఇస్త్రీ ఆవిడ పాపతో నడిచి వచ్చింది. మందు సీసా ఒకటి స్టేజీ అంచున పెట్టి, కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

ఆమె మైకు వదిలేసి, సీసా తీసుకుని కిందికి దిగింది. ఆవిడ చేతిలో పెట్టబోయింది. ఆవిడ పాపను వెనక్కి నెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆమె ఇంగ్లీషులో చెప్పింది, చేతులతో చెప్పింది, చివరికి తెలుగులో బతిమాలింది.

"వచ్చి కూర్చో తల్లీ, అలిసిపోయావు," అన్నాడు అన్న తెలుగులో, మొహం మీది నవ్వు చెదరకుండా.

"వాళ్లకు చెప్పన్నయ్యా!"

"చెప్తాలే. ముందు సభ అయిపోనీ."

ఈలోగా ఇస్త్రీ ఆవిడ పాపను ఎత్తుకుని జనంలోంచి బయటికి నడిచింది. ఆమె వెంటపడి వీధిలోకి వచ్చేసరికి బస్సు కదిలిపోతోంది, ఇంకో బస్సు వచ్చి ఆగుతోంది, పనులు ముగించుకున్న జనం ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. చేతిలో సీసా సగానికి పైగా నిండుగానే ఉంది. దాని మీద పాప పేరు, బహుశా ఇంటి చిరునామా కూడా, రాసి ఉన్నాయి. ఆ లిపి ఆమెకు చదవడం రాదు.