తప్పు దిద్దిన మావయ్యగారు

"ఇల్లు మనకే ఇస్తానందోయ్!" అని మా ఆయన ఫోన్లో అరిచినప్పుడు నేను ఆఫీసు లిఫ్టులో ఉన్నాను. పక్కనున్న పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు. నాకేం సిగ్గు వెయ్యలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ మావయ్యగారింట్లో, హాలుకి అడ్డంగా తెర కట్టుకుని కాపురం చేస్తున్నాం. ఇప్పుడు మాకు రెండు గదులు, వీధివైపు కిటికీ, గడియ పడే తలుపు!

"కింద ఉండే ఇంటావిడది ఒక్కటే షరతు. అరుపులు వినపడకూడదట. పాతవాళ్లని అందుకే పంపించేసిందట. సాయంత్రం తాళంచెవి ఇస్తుంది."

అరిచేవాళ్లం మేం కాదు. కానీ ఇల్లు చూస్తామని మా నాన్నా, మావయ్యగారూ ఇద్దరూ బయల్దేరారు. పెళ్లి భోజనాల దగ్గర, ఇప్పుడు దేశాన్నేలుతున్న నాయకుడి గురించి పోట్లాడుకున్నాక వాళ్లు మళ్లీ ఎదురుపడలేదు. నాన్నకి ప్రెస్సుంది. ఆయన అచ్చువేసే వారపత్రికని పోయిన నెలే అత్యవసర ఉత్తర్వు పేరుతో ఆ నాయకుడి ప్రభుత్వం మూయించింది. మావయ్యగారు చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యారు. ఆ నాయకుడంటే ఆయనకి ప్రాణం.

సాయంత్రం ఇంటావిడ తలుపు తీసి, చూసుకోమని కిందికెళ్లింది. ఖాళీ గదిలో ఎంత చిన్న మాటైనా ఖంగుమంటోంది. అది కూడా నాకు ముద్దుగానే ఉంది. కొత్త కెటిల్లో టీ కాచి కప్పులు నేలమీద పెట్టాను.

"గోడ బావుంది. ఇక్కడ ఆయన ఫొటో పెట్టుకోండమ్మా," అన్నారు మావయ్యగారు.

"పెట్టక చస్తారా బావగారూ! పెట్టనివాళ్లని రేపు జైల్లో తోస్తాడుగా. హిట్లరూ ఇలాగే మొదలెట్టాడు," అన్నాడు నాన్న.

కింద ఇంటావిడ టీవీ ఆగిపోయింది.

"జనం ఓట్లేసి గెలిపించిన మనిషిని పట్టుకుని హిట్లరంటారా? మీ నోటికి ఇంకో తిట్టు రాదా?"

"నాన్నా, మెల్లిగా," అన్నాను. ఎవరూ వినలేదు.

"హిట్లరే నయం! గద్దెనెక్కిన రెండేళ్లకి గానీ పత్రికల జోలికి పోలేదు. మీవాడికి ఆ ఓపిక కూడా లేదు."

"రెండేళ్లా? మీ మొహం!" మావయ్యగారి గొంతు క్లాసురూములోకి వెళ్లిపోయింది. వేలు లేచింది. "నెల తిరక్కుండానే! పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే అత్యవసర ఉత్తర్వు, పత్రికల నోటికి తాళం." రెండో వేలు. "ఆ తర్వాత అదే సభలో ఓట్లు వేయించుకుని, చట్టాలు చేసే అధికారం మొత్తం లాక్కున్నాడు. అంతా చట్టప్రకారమే!" మూడో వేలు. "ఆ పైన కార్మిక సంఘాలు..."

వేలు గాల్లోనే ఆగింది.

"కానివ్వండి బావగారూ," అన్నాడు నాన్న. "సంఘాల మీద మనవాడి బిల్లు వచ్చే నెల కదూ?"

వేలు మెల్లిగా ముడుచుకుంది. ముఖం మాత్రం కందగడ్డయింది. "లక్షలమందిని చంపినవాణ్ణీ, ఒక పత్రిక మూసినవాణ్ణీ ఒకే గాట కడతారా? ఆ చచ్చినవాళ్లకి అవమానం కాదూ?"

"అయితే చంపేదాకా ఆగి పోల్చమంటారా?"

మా ఆయన ఇద్దరి మధ్యకీ దూకాడు. ఒక కప్పు దొర్లింది. గుమ్మంలో ఇంటావిడ, పిడికిట్లో తాళంచెవి.

"పాతవాళ్లే నయం," అంది. "అరుచుకుంటే సొంత విషయాలకి అరుచుకునేవాళ్లు."

ఆవిడ వెనక్కి తిరిగింది. నేను మెట్లమీదకి పరిగెత్తాను. "ఆంటీ, మేం అలా కాదండీ! ఇద్దరం తెర వెనకాల గుసగుసలతోనే కాపురం చేశామండీ!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ ఇద్దరూ కలిసి నా మెట్లెక్కితే ఆ రోజే ఖాళీ చెయ్యాలి," అని తాళంచెవి నా చేతిలో పడేసింది. వెచ్చగా ఉంది. ముద్దు పెట్టుకోబోయి ఆగాను.

గేటు దగ్గర వియ్యంకులిద్దరూ పక్కపక్కనే, చెరో వైపు చూస్తూ నిలబడ్డారు.

"మీ నాన్నతో చెప్పమ్మా. రెండేళ్లట! రేపు సాయంత్రం పుస్తకం తెస్తాను. ఎదురుగా బస్టాపుకి రమ్మను. పోలిస్తే సరిగ్గా పోల్చమను."

"వస్తానని చెప్పవే. ఆ మూడో వేలు ఎందుకు ముడుచుకుందో కూడా అక్కడే తేల్చమను."

సరే, రేపు సాయంత్రం మేమిద్దరం మా టీ తాగుతూ, మా కిటికీలోంచి వాళ్లని చూస్తాం. తలుపు మూసి.