అన్నిటికీ ఒకటే జవాబు

ప్రశ్నల కాగితాలతో ఇంటికి వచ్చిన ఇగ్నాసియా మంచినీళ్లు అడిగింది. ఎడెల్మిరా వెంటనే లేవలేదు.

పోయిన నెల కోర్టు నుంచి వచ్చినావిడ కూడా మంచినీళ్లే అడిగింది. ఆ వంకన వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి, పాల డబ్బా మీద తేదీ చదివి వెళ్లింది. ఎడెల్మిరా కూతురు మత్తుమందు మాన్పించే ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి మనవరాలు యస్నా ఈ ఇంట్లోనే ఉంటోంది. పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండాలో, ప్రభుత్వ వసతిగృహానికి వెళ్లాలో జడ్జి ఇంకా తేల్చలేదు.

"కుళాయి నీళ్లే ఉన్నాయి," అంటూ ఎడెల్మిరా చివరికి గ్లాసు తెచ్చి పెట్టింది. టీ వేళ అయింది. రొట్టె, అవకాడో బల్ల మీదే గుడ్డ కింద ఉన్నాయి. ఆమె గుడ్డ తీయలేదు. చిలీలోని ఈ వాల్పరైసో కొండ మీద ఆ వేళకి గడప తొక్కిన మనిషికి టీ ఇవ్వకపోవడమంటే పొమ్మని చెప్పడమే.

"ఈ ప్రశ్నలు ఇంగ్లీషులో తయారయ్యాయమ్మా," అంది ఇగ్నాసియా. "స్పానిష్‌లోకి మార్చాం. ఉబ్బసం ఉన్న పిల్లలకి అర్థమవుతున్నాయో లేదో చూడాలి. మీ పేరు పాప ఉబ్బసానికి మందిచ్చే ఆసుపత్రి వాళ్లిచ్చారు."

"తొమ్మిదేళ్ల పిల్లకి స్పానిష్ రాదని ఎవరు చెప్పారు నీకు?"

ఇగ్నాసియా నవ్వింది. ఎడెల్మిరా నవ్వలేదు. ఇగ్నాసియా యస్నా వైపు తిరిగి, ప్రతి ప్రశ్నకీ 'ఎప్పుడూ', 'అప్పుడప్పుడూ', 'అసలు లేదు' అనే మూడు జవాబుల్లో ఒకటి చెప్పమంది.

"ఈ వారం హాయిగా పరిగెత్తగలిగావా?"

"ఎప్పుడూ," అంది యస్నా.

"రాత్రి బాగా నిద్ర పట్టిందా?"

"ఎప్పుడూ."

"ఇంట్లో సంతోషంగా ఉన్నావా?"

"ఎప్పుడూ."

నిన్న సాయంత్రం అమ్మమ్మ నేర్పిన జవాబు అది. చెబుతున్నంతసేపూ పిల్ల గుండెలో పిల్లికూతలు వినిపిస్తూనే ఉన్నాయి.

"సరే. మళ్లీ మొదటి ప్రశ్నకి వెళ్దాం. అది నిన్నేం అడుగుతోందో నీ మాటల్లో చెప్పు."

ఎడెల్మిరా కుర్చీ ముందుకి జరుపుకుంది. "అడిగిందే అడుగుతావేంటమ్మాయ్? పోలీసులు చేసే పనిది. మాట మారుతుందేమోననే కదా?"

"మా పద్ధతే అంతమ్మా. మేం చూసేది జవాబుని కాదు, ప్రశ్నని."

"ప్రశ్నకేం రోగం?"

యస్నా అమ్మమ్మ వైపు చూసింది. తర్వాత ఇగ్నాసియా వైపు చూసింది. "పరిగెత్తలేకపోతే వసతిగృహానికి వెళ్తావా అని అడుగుతోంది," అంది.

ఇగ్నాసియా పెన్ను కింద పెట్టింది. "నేను కోర్టు మనిషిని కాదమ్మా. పాప పేరు కూడా రాసుకోలేదు, చూడండి." కాగితం పైన వయసు, ఒక నంబరు మాత్రమే ఉన్నాయి.

"ఆ నంబరుకి పేరు ఇంకెక్కడో ఉండే ఉంటుంది."

"ఉంది. ఆసుపత్రి బీరువాలో."

"అయితే ఒక మాట రాసివ్వు. దీనివల్ల పిల్లని ఎవరూ తీసుకెళ్లరని."

ఇగ్నాసియా పెన్ను తీసింది. రాయకుండా ఆగిపోయింది. "రాయలేనమ్మా. ఈ కాగితం కోర్టుకి నేనివ్వనని రాస్తాను. జడ్జి ఏం చేస్తాడో నాకు తెలీదు. తెలీనిది ఎలా రాయను?"

కోర్టు నుంచి వచ్చినావిడ అంతా మంచే జరుగుతుందని భుజం తట్టి మరీ చెప్పింది. అప్పటికింకా ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది.

"అదే రాయి," అంది ఎడెల్మిరా.

ఇగ్నాసియా రాసి సంతకం పెట్టింది. ఎడెల్మిరా దాన్ని మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"యస్నా, మొదటి నుంచి చెప్పు. ఉన్నదున్నట్టు," అంది మనవరాలితో.

"ఈ వారం హాయిగా పరిగెత్తగలిగావా?"

"లేదు. మెట్లెక్కితేనే ఆయాసం. సగం నుంచి అమ్మమ్మ వీపున ఎక్కించుకుంటుంది. అమ్మమ్మకీ ఆయాసమే."

"నా సంగతి ఎవరడిగారే?"

"ఉన్నదున్నట్టు అన్నావుగా!"

ఇగ్నాసియా రాసుకుంటోంది. ఎడెల్మిరా ఆ పెన్నునే చూస్తోంది.

"నా ఆయాసం కూడా రాశావా?"

"లేదమ్మా. అది ప్రశ్నలో లేదు."

ఎడెల్మిరా కాగితం తనవైపు తిప్పుకుని చదివింది. లేదు. కాగితం వెనక్కి నెట్టింది.

"మిగతావి అడుగు," అంది. రొట్టె మీది గుడ్డ మాత్రం తీయలేదు.