మీ ఫోన్‌కే రిపోర్టు

"నాలుగు ముక్కలు రాయడానికి అంత ఆలోచనేటే ఝాన్సీ? పప్పు మాడిపోతంది సూడు," అన్నాడు మా ఆయన ఉదయ్‌కుమార్, మంచం మీంచి లేవకుండానే. స్టవ్ కట్టేసి మళ్లీ ఫోన్ అందుకున్నాను. చోడవరంలో నేను రిసెప్షన్ చూసే ఆడవాళ్ల ఆసుపత్రికి కొత్త యాప్ వచ్చింది. ల్యాబుని, మందుల షాపుని దానికి కలిపారు. ఆ కబురు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో పెట్టడానికి పోస్టులు నన్నే రాయమన్నాడు మేనేజరు సత్యారావు. నా పనిలోది కాదు. "నీ తెలుగు బాగుంటాదమ్మా," అన్నాడు, అంతే.

'ఇక మీ రిపోర్టులన్నీ నేరుగా మీ ఫోన్‌కే' అని రాశాను. ఆ రెండో 'మీ' దగ్గర ఆగిపోయాను.

వారం కిందట యాప్‌ని పరీక్షించినప్పుడు చీడికాడ నుంచి వచ్చే పైడితల్లి వివరాలు నేనే ఎక్కించాను. ముగ్గురు పిల్లల తర్వాత ఇక చాలనుకుని, ఇంట్లో చెప్పకుండా లూప్ వేయించుకుంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, భర్తది. మెసేజి అతనికి వెళ్లింది. నిన్న కౌంటరు దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది. "నా సంగతి ఆడికెవులు సెప్పేరమ్మా? తీయించుకుని రమ్మన్నాడు." యాప్ చెప్పిందనాలా, నేను చెప్పాననాలా? ఆమె బెంచీ మీద చాలాసేపు కూర్చుని, ఏదీ తీయించుకోకుండానే బస్సెక్కింది.

యాప్ చెడ్డదా అంటే కాదు. మాడుగుల నుంచి ఒక్క కాగితం కోసం పనులు మానుకుని వచ్చేవాళ్లకి ఎంత సుఖం. మరి నాకెందుకు చెయ్యి ఆడటం లేదు? యాప్‌లో నా సొంత వివరాలు తెరిచి చూశాను. ఉదయ్ నంబరే ఉంది. యాప్ నంబరు అడిగినప్పుడు "ఎవరిదైతే ఏటి?" అన్నాడు, నిజమే కదా అనుకుని నేనే ఎక్కించాను. అది ప్రేమో, అలవాటో ఇప్పటికీ తేల్చుకోలేను.

పోస్టు కింద ఇంకో మాట చేర్చాను. 'ఫోన్ మీ చేతిలో ఉండదనుకుంటే రిసెప్షన్‌లో చెప్పండి. నంబరు తీసేస్తాం. కాగితం మీకే ఇస్తాం.'

ముందు చూడమని పంపగానే సత్యారావు ఫోన్ చేశాడు. "ప్రచారంలో ఇలాటివి రాస్తారేటమ్మా? జనం బెదిరిపోతారు. ఆ లైను తీసెయ్యి."

"అది తీసేస్తే మిగతాది కూడా నేను పెట్టనండి," అన్నాను. అన్నాక భయమేసింది. అతను ఫోన్ కట్ చేశాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియకుండానే పోస్టు పెట్టేశాను.

మర్నాడు ఆసుపత్రి తలుపు తీసేసరికి నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ జబ్బు చెప్పలేదు. ముందున్నావిడ గొంతు తగ్గించి అంది. "మా ఆడగుంట నువ్వు పెట్టింది సదివి సెప్పిందమ్మా. ఆ నంబరు తీసెయ్యి."