వాగొడ్డున గుంతలు

పోలీసు చర్య అయిపోయింది, రజాకార్లు పోయారు, ఇక భయం లేదని ఊళ్లో డప్పు కొట్టించారు. ఆ తర్వాత కొన్ని నెలలకే యూనియన్ మిలిటరీ వచ్చి, కమ్యూనిస్టు దళంలో ఉన్న అండాలు కొడుకు ఎల్లేశాన్ని, పక్క ఊళ్ల ముగ్గురిని పట్టుకుని గుట్ట కింద కాల్చింది. వాగొడ్డున ఎక్కడో పూడ్చింది. చోటు ఎవరికీ చెప్పలేదు. తుపాకుల చప్పుడు మాత్రం ఊరంతా విన్నది.

శవం చూడందే దినాలు చెయ్యనన్నది అండాలు.

"వాని ఎడమ చేతికి వెండి కడియం ఉంటది. నేనే తొడిగిన. కండ పోయి బొక్కలే మిగిలినా సరే, కడియం చూసి గుర్తుపడత. వాళ్ల బాపు గోరి పక్కన పెట్టుకుంట" అనేది.

మిలిటరీ క్యాంపు ఎత్తేసిన మర్నాటి నుంచి గడ్డపార భుజాన వేసుకుని రోజూ వాగుకు పోయేది. తోడు రమ్మంటే మా ఊరి మగవాళ్లందరికీ నడుం నొప్పులు వచ్చాయి. ఎండాకాలమంతా ఒక్కతే తవ్వింది.

ఒకరోజు గడ్డపార కొసకు ఏదో తగిలింది. చేతులతో మట్టి తోడితే గుండ్రంగా, నున్నగా, తలకాయంత ఉంది. ఒళ్లు మరిచి అరిచింది.

"దొరికిండు! నా కొడుకు దొరికిండు!"

ఆ అరుపుకు ఊరు ఊరంతా పరుగెత్తింది. చూస్తే పుర్రె కాదు, మూత పెట్టిన మట్టికుండ. పగిలిన చోటు నుంచి బంగారు బిళ్లలు జారాయి. ప్రతి బిళ్ల మీదా పొడుగు ముక్కు రాజెవరో ఉన్నాడు. నడుం నొప్పులన్నీ అక్కడికక్కడే మాయమయ్యాయి. అండాలు గుంతలో కూలబడి ఏడుస్తుంటే ఆమె భుజాల మీదుగా చేతులు చాపి ఏరుకున్నారు. ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు గురవయ్య అందరి దగ్గరా ఊడబెరికి, తన మొలలో దోపుకున్నవి పోగా మిగిలినవి సర్కారుకు పంపాడు.

కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి నాణేల ఆఫీసరు జీపులో వచ్చాడు. మంచివాడే, కాదనను. ఇంకా తవ్వని ఒడ్డంతా తాడు కట్టించి, లోపల పార పెడితే జైలని చెప్పించాడు. తర్వాత జీపు మీద పటం పరిచి అందరికీ చూపించాడు. కృష్ణ ఒడ్డు నుంచి మూసీ వెంట పైకి ఎర్రచుక్కలు ఉన్నాయి.

"ఇవన్నీ ఇలాంటి కుండలు దొరికిన ఊళ్లు. రోము దేశపు నాణేలు. ఎప్పుడో ఈ బాటన వర్తకులు తెచ్చారు. చూశారా, చుక్కలు గుంపులుగా ఉన్నాయి. ఒక కుండ దొరికిన చోట ఇంకొకటి ఉండొచ్చు."

"ఎవరు దాసిండ్రు అయ్యా?" అన్నది అండాలు.

"ఎవరో భయపడి దాచారమ్మా. మళ్లీ వచ్చి తీసుకుందామనుకున్నారు. రాలేదు. వచ్చి ఉంటే మనకు దొరికేదే కాదు."

ఆమె చుక్కల మీంచి కళ్లు తీసి తాడు వైపు చెయ్యి చూపింది.

"నా కొడుకు గా తాడు లోపల్నే ఉన్నడు. మిగిలిన ఒడ్డంత తవ్విన. జర నన్ను తవ్వుకోనియ్యి అయ్యా. బంగారం దొరికితే మీకే ఇస్త."

ఆఫీసరు పటం మడిచాడు. తాసీల్దారును అడిగి కబురు పంపుతానని జీపెక్కాడు.

అండాలు ఆ మాట నమ్మి, గడ్డపార మూలన పెట్టి కబురు కోసం కూర్చున్నది. ఊరు నమ్మింది ఇంకో మాటను, ఇంకో కుండ ఉండొచ్చన్న మాటను.

ఒకరోజు తెల్లవారి ఆమె నీళ్ల కోసం వాగుకు పోయేసరికి తాడు తెగి ఉంది. ఒడ్డంతా పందులు కెలికినట్టు గుంతలు. రెండో కుండ లేదు. మట్టికుప్పల మీద బొక్కలు, అక్కడొకటి ఇక్కడొకటి. బంగారం కాదని విసిరేశారు. నలుగురివీ కలిసిపోయాయి. పొద్దు గూకేదాకా ఆమె మట్టిని వేళ్లతో జల్లించింది. కడియం లేదు. వెండి కదా మరి, ఎందుకుంటుంది?

బొక్కలన్నీ పాత చీరలో మూటగట్టి, నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

"కడియం మీరే ఉంచుకోండ్రి. ఏ బొక్క కాడ దొరికిందో గదొక్కటి చెప్పుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

ఒక్కో ఇంటి తలుపూ మూసుకుంది. ఆమె నలుగురినీ మొగుడి పక్కన ఒక్క గుంతలోనే పెట్టింది. దినాలకు ఊరంతా వచ్చి తిన్నది. కడియం తీసినవాడు కూడా మా బంతిలోనే కూర్చుని తిన్నాడు.